మరమ్మతైన ఈసీఎంను బిగించే ముందు కారును పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారాలు.

పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లను ఇంకా నమ్ముకుని తిరుగుతున్న కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌సీ రెన్యువల్ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగినా, ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకుని, మరో ఐదేళ్లకు అనుమతి తెచ్చుకుని, వీరు ఆ కార్లను కాపాడుకుంటున్నారు. ఈ కార్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరును మన షెడ్లలో ఈసీఎం అంటారు. అది పాడైతే చాలా మోడళ్లకు కొత్తది దొరకదు, దొరికినా కారు విలువలో పెద్ద భాగం దానికే పోతుంది. అందుకని విప్పి మరమ్మతుకు పంపుతారు. అది బాగుపడి తిరిగి వచ్చాక కూడా కారు నడవకపోవడం, నడిచినా మళ్లీ కొద్ది రోజులకే ఆగిపోవడం తరచుగా చూస్తున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి ఉద్యోగ విరమణ చేసినవాడిని. నా దగ్గర చదువుకున్నవారిలో కొందరు జాతీయ రహదారి పొడవునా సొంత షెడ్లు నడుపుతున్నారు, చిక్కు వచ్చినప్పుడు కబురు చేస్తుంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈసీఎం కాలిపోయిందంటే దాన్ని కాల్చినది ఏదో ఉండాలి. ఆ కారణం కారులోనే ఉండిపోతే ఎంత గొప్పగా మరమ్మతు చేసిన ఈసీఎం అయినా అక్కడ నిలవదు. ఇల్లు కురుస్తుంటే పైకప్పు చూడకుండా గోడకు సున్నం వేసినట్టుంటుంది ఆ ఖర్చు.

సాధారణంగా జరిగేది ఇది. కారు దారిలో ఆగిపోతుంది. షెడ్డుకు లాక్కొచ్చి ఈసీఎంలో నమోదైన లోపాలను చదివే స్కానర్ తగిలిస్తే అది మాట్లాడదు. ఈసీఎం పోయిందని నిర్ణయించి, విప్పి, విశాఖపట్నానికో హైదరాబాదుకో కొరియర్‌లో పంపుతారు. కొన్ని వారాలకు తిరిగి వస్తుంది. బిగించి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు, లేదా అందుకుని రెండు క్షణాల్లో ఆగిపోతుంది. మరమ్మతు సరిగా చేయలేదని ఇక్కడి మెకానిక్ అంటాడు. మా బల్ల మీద బాగానే పనిచేసిందని అక్కడి పనివాడు అంటాడు. మధ్యలో యజమాని రెండోసారి కొరియర్ ఖర్చు పెట్టుకుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చునన్న సంగతి ఎవరికీ తట్టదు. మరమ్మతు చేసేవాడి బల్ల మీద ఈసీఎంకు నిలకడైన పన్నెండు వోల్టులు, శుభ్రమైన ఎర్తు (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి), కొత్త కప్లర్ (తీగలను ఈసీఎంకు కలిపే పిన్నుల ప్లగ్గు) దొరుకుతాయి. కారులో దానికి దొరికేది ఇరవయ్యేళ్ల వైరింగు, పచ్చగా కిలుం పట్టిన పిన్నులు.

ఈసీఎం ఏ విధంగా పాడైందన్నది ముందు తెలియాలి. లోపలి బోర్డు మీద ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పదిహేను ఇరవయ్యేళ్లకు ఎండిపోవచ్చు, లేదా వాటిలోని ద్రవం కారి చుట్టుపక్కల రాగి గీతలను తినేయవచ్చు. వేడికి, కుదుపులకు సోల్డరింగ్ అతుకుల్లో కంటికి ఆనని పగుళ్లు వస్తాయి. ఇవి వయసుతో వచ్చే లోపాలు, వీటికి కారును తప్పు పట్టనవసరం లేదు. కానీ స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌నో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనో, స్లో (ఎక్సలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) సరిచేసే ఐడిల్ వాల్వునో నడిపే ట్రాన్సిస్టర్ కాలిందంటే, బోర్డు మీద ఎర్తు గీత మాడిందంటే, సెన్సర్లకు ఐదు వోల్టులు ఇచ్చే భాగం పోయిందంటే, ఆ దెబ్బ బయటినుంచి వచ్చి ఉండేందుకే అవకాశం ఎక్కువ. ఈ రెండు రకాలకూ తర్వాత చేయవలసిన పని వేరు. అందుకే మరమ్మతు చేసినవారు ఏ భాగం మార్చారో కాగితం మీద రాసి ఇవ్వడం చాలా అవసరం. ‘ఈసీఎం రిపేరు’ అన్న ఒక్క ముక్కతో, మొత్తం అంకెతో వచ్చే రసీదు ఎవరికీ ఉపయోగపడదు.

మన జిల్లాల్లో బయటి దెబ్బలకు కొన్ని ప్రత్యేక కారణాలున్నాయి. భావనపాడు, కళింగపట్నం మొదలు పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి దాకా తీరం వెంబడి ఉప్పుగాలి ఏడాది పొడవునా కప్లర్లలోకి చేరుతూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చినప్పుడు, వంశధార, నాగావళి పొంగినప్పుడు నీటిలో నిలబడిన కార్లు అనేకం. కొన్ని మోడళ్లలో ఈసీఎం ముందు ప్రయాణికుడి కాళ్ల దగ్గర డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. సీట్లు ఎండబెట్టి, ఆయిల్ మార్చి, బండి అందుకుందని సంతోషపడిన తర్వాత కూడా ఆ తడి కప్లర్‌లోనూ వైరింగు అతుకుల్లోనూ మిగిలి, ఏళ్ల తరబడి మెల్లగా తినేస్తుంది. అప్పటి తుపానుకూ ఇప్పుడు ఆగిన ఇంజిన్‌కూ సంబంధం ఉండవచ్చని యజమాని చెప్పడు, మెకానిక్ అడగడు. పాత కారు షెడ్డుకు వస్తే ఎప్పుడైనా నీటిలో మునిగిందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

తుప్పు పట్టిన కారుకు ఫ్లోరు రేకు అతికించడం ఇక్కడ మామూలు పని. బ్యాటరీ తీగలు విప్పకుండా, ఈసీఎం కప్లర్ తీయకుండా ఆర్క్ వెల్డింగ్ చేస్తే ఆ విద్యుత్తు బాడీ గుండా, ఎర్తు తీగల గుండా పాకి బోర్డును పాడు చేయగలదు. బ్యాటరీ దిగినప్పుడు దారిన పోయే లారీని ఆపి కేబుల్ వేయడం మరొకటి. లారీది ఇరవైనాలుగు వోల్టుల వ్యవస్థ, కారుది పన్నెండు. ఇంకొక అలవాటు గురించి కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగుందని తేల్చడం ఈసీఎంలు లేని కార్బ్యురేటర్ కాలంలో నేర్చిన పద్ధతి. ఆల్టర్నేటర్ ఛార్జింగు పెడుతున్న సమయంలో బ్యాటరీ హఠాత్తుగా తప్పుకుంటే వోల్టేజి ఒక్క క్షణంలో పదుల వోల్టులకు ఎగబాకుతుంది. ఆ క్షణం చాలు బోర్డు పోవడానికి. ఆల్టర్నేటర్‌ను చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే సరిపోతుంది, సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే బాగున్నట్టు. ఈ పాత పరీక్షను ఇప్పటికీ కుర్రాళ్లకు చూపించి నేర్పుతున్న షెడ్లున్నాయి. ఇది వెంటనే మానవలసిన పని.

నరసన్నపేట వైపు ఒక కుటుంబానికి జరిగినది ఇక్కడ చెబితే విషయం స్పష్టమవుతుంది. కారు ఆగిపోయింది, ఈసీఎం మరమ్మతై వచ్చింది, బిగించారు, సెల్ఫ్ నీరసంగా తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. రెండోసారి పంపడానికి పెట్టె కట్టబోతుండగా షెడ్డు నడుపుతున్న నా పాత విద్యార్థి నన్ను పిలిచాడు. మరమ్మతు చేసినవారిని ఫోనులో అడిగితే బోర్డు మీద ఎర్తు గీత మాడిపోయి ఉందని, దానికి తీగతో అతుకు వేశామని చెప్పారు. ఆ మాటలోనే సగం జవాబు ఉంది. ఈసీఎం తన అవసరానికి వాడుకునే విద్యుత్తుతో ఆ గీత మాడదు, దానికి సంబంధం లేని పెద్ద కరెంటు ఏదో ఆ దారిన పోయి ఉండాలి. బ్యాటరీ నెగెటివ్ మీద మీటరు ఒక తీగ, ఇంజిన్ బ్లాకు మీద రెండో తీగ ఆనించి సెల్ఫ్ కొట్టించాం. అర వోల్టు కూడా చూపకూడని చోట రెండు వోల్టులకు పైగా చూపింది. అంటే ఇంజిన్‌కూ బ్యాటరీకీ మధ్య ఎర్తు దారి లేనట్టే. ఎక్సలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలింది. కారు కిందికి దూరి చూస్తే గేర్‌బాక్సు బోల్టుకు ఉండవలసిన జడతీగ ఎర్తు పట్టీ వేలాడుతోంది. ఆ మధ్య వేరేచోట క్లచ్ ప్లేటు మార్చినప్పుడు గేర్‌బాక్సు దించి, ఎక్కించేటప్పుడు దాన్ని బిగించలేదు. సెల్ఫ్ మోటారు లాగే వంద ఆంపియర్లకు పైబడిన కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేక, కొంత ఎక్సలరేటర్ కేబుల్ గుండా, కొంత ఈసీఎం సన్నని ఎర్తు తీగల గుండా పోయింది. తుప్పు గీకి ఆ పట్టీని బిగించాక సెల్ఫ్ బలంగా తిరిగింది, ఇంజిన్ అందుకుంది. మరమ్మతులో ఏ లోపమూ లేదు. అదృష్టవశాత్తు కొత్త అతుకు ఈలోపు మాడలేదు.

ఈ సంఘటనలో ఉన్న పద్ధతి ఏ కారుకైనా వర్తిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బ్యాటరీ బాగుందా లేదా అన్నది మొదట తేలాలి. కారు వారాల తరబడి నిలబడి ఉంటుంది గనుక బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పది వోల్టుల కిందికి బాగా పడిపోతుంటే ఈసీఎం మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. బయటికి అది ఈసీఎం లోపంలాగే కనబడుతుంది. కప్లర్ తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ తాళం ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి ఉంచాలి.

తర్వాత కప్లర్. వెలుతురులో పట్టుకుని ఒక్కొక్క పిన్నునూ చూడాలి. పచ్చ కిలుం, వంగిన పిన్ను, వెనక్కి జారిన టెర్మినల్, ఎలుక కొరికిన తీగ కనబడవచ్చు. మీటరు మొన లావుగా ఉంటుంది. దాన్ని టెర్మినల్ నోట్లో గుచ్చి కొలిస్తే ఆ నోరు వెడల్పై, ఈసీఎం పిన్నును తర్వాత గట్టిగా పట్టుకోదు. కొలవాలనుకున్నవారు కప్లర్ వెనుకనుంచి సన్నని గుండుసూది దూర్చి కొలవాలి. మంచి కారును పరీక్షతోనే పాడు చేసిన సందర్భాలు ఎక్కువగా ఈ ఒక్క విషయంలోనే చూశాను.

కరెంటు వస్తున్నదా, ఎర్తు ఉన్నదా అన్నది ఉత్త మీటరుతో తేల్చడం సరిపోదు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు పన్నెండు వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు లాగదు. ఇండికేటరులో వాడే ఇరవై ఒక్క వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టి, ఈసీఎం కరెంటు పిన్ను దగ్గరా ఎర్తు పిన్ను దగ్గరా దాన్ని వెలిగించి చూడాలి. అది సుమారు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. కాంతి నిండుగా ఉంటే తీగ బాగున్నట్టు, మందంగా ఉంటే తీగలోనో, ఫ్యూజు కాళ్ల దగ్గరో, ఈసీఎంకు కరెంటు కలిపే మెయిన్ రిలేలోనో అడ్డం ఉన్నట్టు. ఇందుకు పట్టే ఖర్చు బల్బు ధర మాత్రమే. అయితే ఈ బల్బును సెన్సర్ తీగలకు ఎప్పుడూ తగిలించకూడదు, అవి అంత కరెంటు కోసం చేసినవి కావు.

ఇప్పుడు, ఈసీఎం బిగించకముందే, కాలిన భాగం ఏదో తెలిస్తే అది నడిపే పరికరాన్ని కొలవాలి. ఇంజెక్టర్లు చాలా పాత మోడళ్లలో సుమారు పన్నెండు నుంచి పదహారు ఓమ్‌ల నిరోధం చూపుతాయి. నాలుగింటిలో ఒకటి బాగా తక్కువ చూపితే అనుమానించాలి. కాయిల్ ప్రైమరీ, ఐడిల్ వాల్వు చుట్టల కొలతలు ఆ మోడల్ పుస్తకంలో ఉంటాయి. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు సరైన కొలత చూపి, వేడెక్కాక చుట్టలు కలిసిపోయే రకం కూడా ఉంటుంది. అందువల్ల కాయిల్ ట్రాన్సిస్టర్ కాలినట్టు తేలిన కారులో పాత కాయిల్‌ను అలాగే ఉంచడం నా దృష్టిలో మంచిది కాదు. కాయిల్ ధరకూ మరో మరమ్మతు ధరకూ పోలిక లేదు.

ఇక్కడే మరో అలవాటు గురించి హెచ్చరించాలి. మరమ్మతైనది పనిచేయకపోతే, అదే మోడల్ మరో కారులోంచి మంచి ఈసీఎం తెచ్చి ‘పెట్టి చూద్దాం’ అంటారు. మొదటిదాన్ని కాల్చిన కారణం ఇంకా కారులోనే ఉంటే ఈ రెండోది కూడా కాలుతుంది, అప్పుడు ఆగిపోయేవి రెండు కార్లు. కీలో చిప్ ఉండే ఇమ్మొబిలైజర్ మోడళ్లలోనైతే వేరే కారు ఈసీఎం ఆ కీని గుర్తుపట్టదు, ఇంజిన్ అందుకోదు లేదా అందుకుని వెంటనే ఆగుతుంది. దాన్ని చూసి వైరింగు పోయిందని మరో తప్పు నిర్ధారణకు వస్తారు. ఇదే కారణం వల్ల, ఇమ్మొబిలైజర్ ఉన్న కారు ఈసీఎంను మరమ్మతుకు పంపేటప్పుడు, అందులోని మెమరీ చిప్‌ను మార్చవద్దని, మార్చక తప్పకపోతే అందులోని సమాచారాన్ని కొత్తదానిలోకి ఎక్కించమని ముందే రాసి పంపాలి. మరమ్మతు తర్వాత ఇంజిన్ రెండు క్షణాలు నడిచి ఆగుతూ, డ్యాష్‌బోర్డు మీద కీ గుర్తు దీపం కొట్టుకుంటూ ఉంటే, ముందుగా చూడవలసింది ఇదే.

ఈసీఎం బిగించి తాళం తిప్పాక, సెల్ఫ్ కొట్టకముందే కారు చాలా చెబుతుంది. ఇంజిన్ చెక్ లైటు వెలగాలి. పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు మోగి ఆగాలి. ఈ రెండూ జరిగితే ఈసీఎంకు ప్రాణం ఉన్నట్టు లెక్క, లోపం మరోచోట వెతకాలి. రెండూ జరగకపోతే మెయిన్ రిలే, ఫ్యూజులు, ఎర్తు మళ్లీ చూడాలి. అవి బాగున్నా లైటు వెలగకపోతే, త్రాటిల్ సెన్సర్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ వంటి మూడు తీగల సెన్సర్లకు వెళ్లే ఐదు వోల్టులను కొలవాలి. ఏదో ఒక సెన్సర్ లోపల షార్టయినా, దాని తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఆ ఐదు వోల్టులు మొత్తంగా పడిపోతాయి, కొన్ని మోడళ్లలో ఈసీఎం మొత్తం మూగబోతుంది. సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా విప్పుతూ మీటరు చూస్తుంటే, ఏది విప్పినప్పుడు ఐదు వోల్టులు తిరిగి వస్తాయో దోషి అదే. స్కానర్ మాట్లాడకపోవడానికి కూడా ఇదొక కారణం కావచ్చు. కనుక స్కానర్ మాట్లాడలేదన్న ఒక్క ఆధారంతో ఈసీఎం పోయిందని తీర్పు చెప్పరాదు.

స్కానర్ గురించి మరొక మాట. మన దేశంలో కారు తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేయాలన్న ఓబీడీ నిబంధన తొలి దశ 2010లో, రెండో దశ 2013లో వచ్చింది. అంతకుముందు కార్లలో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష. ఫోనుకు కలిపి వాడే చవక పరికరాలు వాటిలో చాలావాటితో మాట్లాడవు. కొన్ని పాత మోడళ్లలో డయాగ్నసిస్ కప్లర్‌లో రెండు పిన్నులను కలిపితే చెక్ లైటే కొట్టుకుంటూ లోపం సంఖ్యను చెబుతుంది. ఆ సౌకర్యం తన కారులో ఉందో లేదో, ఏ పిన్నులను కలపాలో మోడల్ పుస్తకంలో చూసుకోకుండా ఎవరూ ప్రయత్నించరాదు.

సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే ప్లగ్గులో స్పార్కు ఉందా, ఇంజెక్టర్‌కు సంకేతం వెళుతోందా అన్న రెండు విషయాలు వేర్వేరుగా తేలాలి. రెండూ లేకపోతే, ఇంజిన్ తిరగడాన్ని ఈసీఎంకు తెలిపే క్రాంకు సెన్సర్ వైపు, ఈసీఎం కరెంటు వైపు చూడాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే లోపం ఆ ఒక్క మార్గంలోనే. రెండూ ఉండి అందుకోకపోతే పెట్రోలు ఒత్తిడి, టైమింగ్ బెల్టు, ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలు చూడాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది, మన తీరప్రాంతపు గాలిలో తేమకు కొరత లేదు.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచే కారు అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. రణస్థలం దాటాక రోడ్డు పక్కన నిలబడినవారికి అది ఎంత కష్టమో తెలుసు. ఇది ఈసీఎంలో పగిలిన అతుకు వల్ల రావచ్చు, క్రాంకు సెన్సర్ వల్లా రావచ్చు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరిశీలన ఉంది. ఆగిన వెంటనే తాళం ఒకసారి ఆపి మళ్లీ తిప్పి చెక్ లైటు చూడాలి. వెలిగితే ఈసీఎం బతికే ఉంది, క్రాంకు సెన్సర్‌ను, కాయిల్‌ను అనుమానించాలి. వెలగకపోతే మెయిన్ రిలే, ఎర్తు, ఈసీఎం, ఈ వరుసలో చూడాలి. ఈ ఒక్క గమనింపును యజమాని చేసి షెడ్డులో చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. అది చల్లారాక షెడ్డులో ఎంత వెతికినా దొరకని సమాచారం.

ఇంజిన్ అందుకున్న తర్వాత మొదటి రోజుల్లో స్లో ఎగుడుదిగుడుగా ఉండటం, పికప్ తగ్గినట్టు అనిపించడం చూసి కంగారు పడనవసరం లేదు. కరెంటు లేకుండా వారాలపాటు ఉన్న ఈసీఎం, ఆ ఇంజిన్ గురించి తాను నేర్చుకుని దాచుకున్న విలువలను చాలా మోడళ్లలో మరచిపోతుంది. ఏసీ, లైట్లు ఆపి, ఇంజిన్‌ను రేడియేటర్ ఫ్యాను తిరిగేంతవరకు స్లోలో వేడెక్కనిచ్చి, తర్వాత రకరకాల వేగాల్లో నడిపితే మళ్లీ నేర్చుకుంటుంది. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో చేయవలసిన ప్రత్యేక క్రమం ఉంటుంది. పరీక్షల సమయంలో విప్పిన సెన్సర్ల వల్ల నమోదైన పాత లోపాలను చెరిపి, కొత్తగా వచ్చేవి మాత్రమే పరిగణించాలి. ఇంత చేశాక కూడా స్లో పైకీ కిందికీ ఊగుతుంటే గాలి లీకు, మురికి పట్టిన త్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు చూడాలి. స్లో కోసం త్రాటిల్ స్టాప్ స్క్రూను తిప్పేవారు ఉన్నారు. అది ఫ్యాక్టరీలో అమర్చినది, దాన్ని కదిపితే సెన్సర్ లెక్కే తప్పుతుంది, ఆ తర్వాత అసలు లోపం మరింత దాగిపోతుంది.

ఈ పరీక్షలకు కావలసింది ఒక మంచి మల్టీమీటరు, ఒక బల్బు, కొన్ని గుండుసూదులు, మోడల్ వైరింగు పటం, ఒక పూట ఓపిక. ఇంత తక్కువ సరంజామాతో అయ్యే పనికి బదులు యజమానులు రెండు మూడు మరమ్మతుల ఖర్చు భరించి, చివరికి విసిగి కారును తుక్కుకు ఇస్తున్నారు. ఇంజిన్, బాడీ బాగున్న కార్లు ఒక ఎర్తు తీగ కారణంగా తుక్కులో కలవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. ఆసుపత్రికి, పిల్లల చదువుకు, పొలానికి ఆ కారే ఆధారమైన ఇళ్లకు మరో కారు కొనే స్తోమత అంత సులభంగా రాదు.

దీనిపై మూడు వర్గాలవారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈసీఎం మరమ్మతు చేసేవారు, ఏ భాగం ఎందుకు మార్చారో, ఏ ఏ అవుట్‌పుట్లను లోడు పెట్టి పరీక్షించారో రసీదు మీద రాసి, పాత భాగాలను సంచిలో పెట్టి తిరిగి పంపాలి. షెడ్లవారు ఈసీఎం విప్పే ముందే బ్యాటరీ, కరెంటు, ఎర్తు, ఐదు వోల్టుల కొలతలు రాసిన చీటీని యజమానికి ఇవ్వాలి. ఈ చీటీ ఈసీఎంతోపాటు మరమ్మతుకు వెళితే అక్కడివారికీ దారి తెలుస్తుంది. యజమానులు ఆ చీటీని అడిగి తీసుకోవాలి, కారుకు ఆ మధ్య జరిగిన వెల్డింగు, క్లచ్ పని, వరద నీరు, లారీ కేబుల్ వంటివి దాచకుండా చెప్పాలి.

నాలుగో విన్నపం మన రెండు జిల్లాల ఐటీఐల అధికారులకు. రెండేళ్ల మోటారు మెకానిక్ ట్రేడులో ఎలక్ట్రికల్ పాఠాలున్నాయి, ఉపాధ్యాయులు శ్రద్ధగా చెబుతున్నారు. కావలసింది నడిచే స్థితిలో ఉన్న, ఈసీఎంతో ఇంజెక్టర్లు పనిచేసే ఒక పాత ఎంపీఎఫ్‌ఐ కారు. దానిలో ఉద్దేశపూర్వకంగా ఎర్తు వదులు చేసి, ఫ్యూజు కాళ్లకు కిలుం పట్టించి, ఒక సెన్సర్ తీగను విడదీసి, విద్యార్థి చేత కారణం వెతికించాలి. తుక్కుకు వెళ్లబోయే ప్రభుత్వ వాహనాల్లో ఒకటి ప్రతి ఐటీఐకి ఇస్తే ఈ పనికి ప్రత్యేక నిధులు కూడా అవసరం ఉండదు. నరసన్నపేట కారుకు మేం చేసినటువంటి వోల్టేజి డ్రాప్ పరీక్షను సొంత చేతులతో నేర్చుకున్న కుర్రాడు, ఎలక్ట్రిక్ కార్లు వచ్చినా అదే పరీక్షతో బతకగలడు. ఆసక్తి ఉన్న ఐటీఐ ఏదైనా పిలిస్తే ఆ అభ్యాసాల క్రమాన్ని తయారు చేసి ఇవ్వడానికి, విద్యార్థుల మధ్య నిలబడి చేయించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
శ్రీకాకుళం.